పెంచాలా, ఊరుకోవాలా: పోకర్‌లో బలమైన చేతి లెక్క

పోకర్‌లో రెయిజ్ అంటే అవతలివాడు కాసిన పందేన్ని పెంచి, ఆటలో నిలవాలంటే పెరిగిన మొత్తం కట్టమని అడగడం. ముక్కలు బాగా పడితే పెంచాలి, పడకపోతే మానుకోవాలి అని కొత్తగా ఆట నేర్చుకునేవారికి తోస్తుంది. అందులో సగమే నిజం. డబ్బు రావలసింది ఓడిపోయే ముక్కలు పట్టుకుని కూడా కట్టడానికి సిద్ధపడేవాడి దగ్గర్నుంచి. అతను భయపడి ముక్కలు పడేస్తే, ఎంత గొప్ప చేతికైనా దక్కేది అప్పటికే బల్ల మధ్యలో ఉన్న చిల్లర. కాబట్టి పెంచాలా వద్దా అన్నది తేల్చేవి రెండు ప్రశ్నలు. పెంచితే ఇంతకంటే నాసి ముక్కలతో ఎవరు కడతారు? పెంచకుండా ఊరుకుంటే తర్వాత తెరిచే ముక్క ఎవరికి కలిసొస్తుంది?

ఈ లెక్క స్పష్టంగా కనిపించేది టెక్సస్ హోల్డెమ్ అనే రకంలో. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మూడు ముక్కలు ఒకేసారి తెరుస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాతి ఒక్క ముక్క టర్న్, ఆఖరిది రివర్. చేతిలోని రెండు, బల్ల మీది ఐదు కలిపి ఏడింటిలో మేలైన ఐదే ఆటగాడి చెయ్యి. పంచగానే ఒకసారి, ఆపైన ఫ్లాప్, టర్న్, రివర్ తెరిచాక ఒక్కోసారి పందెం నడుస్తుంది. తన వంతు వచ్చినవాడు పందెం లేకుండా చెక్ అనవచ్చు, ఎదుటివాడి పందేనికి సరిపడా కట్టి కాల్ చేయవచ్చు, పెంచవచ్చు, ముక్కలు పడేయవచ్చు. మధ్యలో పోగయ్యే మొత్తమే పాట్. జత కంటే రెండు జతలు, వాటికంటే ఒకే అంకె ముక్కలు మూడు, ఆపైన వరసగా ఐదంకెలు కలిసిన స్ట్రెయిట్, ఒకే గుర్తు ఐదు కలిసిన ఫ్లష్, మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్ గొప్పవి.

పంచిన వెంటనే పట్టుకోగల రెండు ముక్కల జట్లు మొత్తం 1,326. అన్నిటికంటే మేలైన ఆసుల జత వాటిలో 6 రకాలుగా పడుతుంది, అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి. ఎదుట ఒక్కడే ఉండి, అతని చేతిలో ఏ ముక్కలైనా ఉండవచ్చనుకుంటే, ఆట ఆఖరుదాకా సాగినప్పుడు ఆసులు 100కి 85 సార్లు గెలుస్తాయి. ఐదుగురు ఎదుట నిలిస్తే 49 సార్లు, తొమ్మిదిమంది నిలిస్తే 31 సార్లే. ఈ అంకెలు చూపించి, అందుకే మొదట్లోనే గట్టిగా పెంచి జనాన్ని తరిమేయాలని చెప్పేవారు చాలామంది. గెలుపుల లెక్కనూ డబ్బు లెక్కనూ కలిపేయడం వల్ల వచ్చిన పొరపాటు అది. తలా 100 చిప్స్ (పందెపు బిళ్లలు) ముందే పెట్టేసి ఆఖరుదాకా చూశారనుకుంటే, ఎదుట ఒక్కడున్నప్పుడు పాట్ 200, అందులో ఆసుల సగటు వాటా 170, మిగులు 70. ఎదుట తొమ్మిదిమంది ఉంటే పాట్ 1,000, వాటా 310, మిగులు 210. గెలుపులు సగానికి పైగా తగ్గాయి, మిగులు మాత్రం మూడు రెట్లయింది.

అయినా ఆసులతో పెంచడమే సరి. అందుకు కారణం ధర. రెండు ఐదులు పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో మూడో ఐదు పడే అవకాశం సుమారు 12 శాతం, అంటే ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. అది పడినప్పుడు ఆసులవాడికి అనుమానం రాదు. బల్ల మీద ఒక అనామకపు ఐదు ఉందని ఎవరు పట్టించుకుంటారు? చివరిదాకా కట్టుకుంటూ పోయి నిండా మునుగుతాడు. ఫ్లాప్ చూడటానికి 2 చిప్స్ చాలితే ఐదులవాడు ఏడెనిమిది సార్లు పోగొట్టుకున్నది ఒక్క దెబ్బతో రాబట్టుకుంటాడు. అదే చూపుకు 20 చిప్స్ కట్టాల్సి వస్తే, ఎదుటివాడి ముందున్న మొత్తం చాలా పెద్దదైతే తప్ప ఆ బేరం గిట్టదు. ఆసులతో పెంచడం వల్ల జరిగేది ఇదే: చవకగా అదృష్టం పరీక్షించుకునే వీలు పోతుంది, తగిన ధర కట్టి వచ్చినవాడు నష్టపు బేరం కుదుర్చుకుంటాడు.

ఫ్లాప్ తెరిచాక లెక్క మరింత సూక్ష్మమవుతుంది. ఒకడి చేతిలో ఆఠీను తొమ్మిది, డైమన్ తొమ్మిది ఉన్నాయి. బల్ల మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, కళావరు నాలుగు తెరిచారు. మూడు తొమ్మిదులు కలిశాయి, చెయ్యి చాలా బలమైంది. ఎదుటివాడి దగ్గర ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఐదు. అతనికి ప్రస్తుతం ఏమీ లేదు గానీ మరో ఇస్పేటు పడితే ఫ్లష్. 13 ఇస్పేట్లలో నాలుగు బయటికి వచ్చాయి, తొమ్మిది మిగిలాయి. వాటిలో ఇస్పేటు నాలుగు పడితే బల్ల మీద నాలుగుల జత ఏర్పడి తొమ్మిదులవాడికి ఫుల్ హౌస్ అయిపోతుంది కాబట్టి నిజంగా పనికొచ్చేవి ఎనిమిది. కనిపించని ముక్కలు 45. తర్వాతి ముక్కతో ఎదుటివాడు ముందుకు వెళ్లే అవకాశం 45లో 8, అంటే సుమారు 18 శాతం.

పాట్‌లో 1,000 చిప్స్ ఉన్నాయి. తొమ్మిదులవాడు తెలివిగా దాక్కుంటున్నానని చెక్ అంటే, ఎదుటివాడు కూడా చెక్ అని ఆ 18 శాతాన్ని పైసా ఖర్చు లేకుండా తీసుకుంటాడు. అదే 500 కాస్తే, 1,500 గెలవడానికి అతను 500 పెట్టాలి. మొత్తం 2,000లో 500 అంటే నాలుగో వంతు, కాబట్టి కనీసం 25 శాతం అవకాశం ఉంటేనే గిట్టుబాటు. అతనికున్నది 18. కట్టినా నష్టమే, పడేసినా పాట్ పోయినట్టే. ఆ ఒక్క ముక్క వరకే చూస్తే, ఈ పాట్‌లో 276 చిప్స్ దగ్గర అతనికి లాభనష్టాలు సమానమవుతాయి. అంతకంటే తక్కువ కాయడం ఎదుటివాడికి రాయితీ ఇవ్వడమే. ఫ్లష్ పడ్డా కథ ముగిసిపోదన్నది నిజమే. రివర్‌లో బల్ల మీది ఏ అంకె జత కట్టినా తొమ్మిదులు ఫుల్ హౌస్ అవుతాయి, నాలుగో తొమ్మిది కూడా ఇంకా పేకలోనే ఉంది. మొత్తం 44లో 10 ముక్కలు, దాదాపు 23 శాతం. అయినా నాలుగుకు మూడుసార్లు ఓడిపోయే స్థితిని ఉచితంగా కొనితెచ్చుకోవడంలో తెలివి లేదు.

ఇప్పుడు బల్ల మారుద్దాం. కళావరు రాజు, డైమన్ ఏడు, ఇస్పేటు రెండు. మూడూ మూడు గుర్తులు, అంకెలు దూరదూరం. ఫ్లష్‌కీ స్ట్రెయిట్‌కీ దారి దాదాపు లేదు. ఇలాంటి చోట మూడు రాజులు పట్టినవాడికీ మూడు రెండ్లు పట్టినవాడికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు, పైగా సలహా అనుకున్నదానికి తలకిందులుగా ఉంటుంది. పందేనికి బదులిచ్చేవాడు ఎవడు? ఒక రాజు చేతిలో ఉన్నవాడు. ఆసు, రాజు పట్టుకుని కులాసాగా ఉన్నవాడు మరీను. మూడు రెండ్లవాడి వైపు నుంచి చూస్తే పేకలో ఇంకా మూడు రాజులున్నాయి, నాలుగు ఆసులతో కలిసి అవి 12 రకాలుగా ఎదుటివాడికి పడి ఉండవచ్చు. మూడు రాజులవాడి వైపు నుంచి చూస్తే బయట మిగిలింది ఒక్క రాజు, ఆ జట్లు 4కి పడిపోయాయి. డబ్బు కట్టించాల్సిన ముక్కలను అతనే పట్టుకు కూర్చున్నాడు. అందుకని మూడు రెండ్లతో పందెం కాయడం, పెంచడం సరైన పని. మూడు రాజులతో ఒక దశ ఆగి, ఎదుటివాడి చేతికి టర్న్‌లో ఏదో ఒక జత తగలనివ్వడం తరచుగా మేలు. చెయ్యి మరీ బలమైనప్పుడు పెంచే కారణం తగ్గుతుందన్నది కొత్తవారు నమ్మలేని సంగతి.

ఆగడానికీ ఒక ఖరీదుంది, అది పైకి కనిపించదు. పాట్ 100తో మొదలై, మూడు దశల్లోనూ పాట్‌కు సమానమైన పందెం నడిస్తే అది 300, 900, 2,700గా పెరుగుతుంది. ఇందులో ఎదుటివాడు కట్టింది 1,300. మొదటి దశలో చెక్ అని మిగతా రెండింట్లో అదే పద్ధతిన కాస్తే పాట్ 900 దగ్గరే ఆగుతుంది, ఎదుటివాడు కట్టింది 400. ఊరుకున్నది ఒక్క దశే, కానీ పోయింది 900. పందేలు పాట్‌లో సగం చొప్పున నడిచినా తేడా పెద్దదే: 350కి బదులు 150. తొలి పందెం చిన్నదిగా కనిపించినా తర్వాతి పందేలన్నీ దాని మీదే లేస్తాయి.

తెలుగునాట మూడు ముక్కలాట ఆడినవారికి ఊరుకుని కూర్చోవడం మీద మక్కువ ఎక్కువగా ఉండటానికి కారణం ఆ ఆట తీరులోనే ఉంది. అక్కడ ముక్కలు పంచడంతో అంతా తేలిపోతుంది, కొత్త ముక్క ఏదీ రాదు. ఒకే అంకె ముక్కలు మూడూ పడటం 22,100 జట్లలో 52, అంటే 425కి ఒకసారి. అవి పడ్డవాడు ఎంతసేపు మెల్లగా ఆడినా ఎదుటివాడి చెయ్యి బాగుపడే ప్రమాదం లేదు. హోల్డెమ్‌లో ప్రతి దశకూ ప్రపంచం మారిపోతుంది. మూడు ముక్కలాట అలవాటును అక్కడికి మోసుకుపోతే దెబ్బ తప్పదు. డబ్బు పందెంతో ఆన్‌లైన్‌లో ఆడే ఇలాంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి గనుక ఇక్కడి పాఠకుడికి ఇది సంభావ్యత పాఠంగానే పనికొస్తుంది. పాఠంగా మాత్రం మంచి పాఠం.

ఆగి కొట్టడంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ 1988లో లాస్ వెగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ చివరి పంపకం. మిగిలింది ఇద్దరే: అంతకుముందు ఏడాది కూడా గెలిచిన జానీ చాన్, న్యూయార్క్ నుంచి వచ్చిన ఎరిక్ సీడెల్. చాన్ చేతిలో జాకీ, తొమ్మిది. సీడెల్ చేతిలో రాణి, ఏడు. ఫ్లాప్‌లో రాణి, పది, ఎనిమిది తెరిచారు. ఎనిమిది నుంచి రాణి దాకా చాన్‌కు స్ట్రెయిట్ పూర్తయింది. ఆ బల్ల మీద అంతకు మించిన చెయ్యి ఆ క్షణానికి లేదు. సీడెల్‌కు బల్ల మీద అన్నిటికంటే పెద్ద అంకె జత. చాన్ తన బలం చాటేలా పెంచలేదు. టర్న్‌లో రెండు వచ్చింది, ఇద్దరూ చెక్. రివర్‌లో ఆరు. సీడెల్ తన దగ్గరున్నదంతా ముందుకు తోశాడు, చాన్ వెంటనే కట్టాడు, ఆట అయిపోయింది.

చాన్ ఊరుకోవడం సరైనదేనా అని తేల్చాలంటే అతనికి కనిపించినదాని నుంచి చూడాలి. డేవిడ్ స్క్లాన్‌స్కీ 1987 నాటి ‘ది థియరీ ఆఫ్ పోకర్’ పుస్తకంలో ఆగి ఆడటానికి కఠినమైన షరతులు పెట్టాడు. చెయ్యి చాలా బలంగా ఉండాలి. ఉచితంగా వచ్చే ముక్క ఎదుటివాడిని ముందుకు తీసుకుపోకూడదు, అదే సమయంలో అతనికి ఆశ పుట్టించేంత మంచి రెండో చెయ్యి ఇవ్వగలగాలి. ఇప్పుడు పెంచితే అతను పారిపోతాడన్న నమ్మకం ఉండాలి. పాట్ మరీ పెద్దదై ఉండకూడదు, ఎందుకంటే పెద్ద పాట్‌ను అక్కడికక్కడే ముగించడం మేలు. సీడెల్ దగ్గర ఒక్క జతే ఉంటే టర్న్ దాటాక ఏ ముక్క వచ్చినా అతను గెలవలేడు. రెండు జతలుంటే 44 ముక్కల్లో 4, అంటే 9 శాతం. ఒకే అంకె మూడు కలిసి ఉంటే 10, దాదాపు 23 శాతం. రెండో మూడో రకం చేతులు ఇద్దరే మిగిలిన ఆటలో అరుదు, పైగా అలాంటివి పట్టినవాడు టర్న్‌లో చెక్ అని కూర్చోవడం ఇంకా అరుదు. ఎదుట ఒక్కడే కావడం చాన్‌కు అన్నిటికంటే కలిసొచ్చింది. అదే బల్ల చుట్టూ మరో ముగ్గురు నిలిచి ఉంటే అదే ఆట తెలివితక్కువది అయ్యేది. 1998లో వచ్చిన ‘రౌండర్స్’ సినిమా ఈ పంపకాన్ని చూపించి ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. ఆ తర్వాత ఊరుకోవడమే ఛాంపియన్ల లక్షణమన్న భ్రమ చాలామందికి పట్టుకుంది. మామూలు పంపకాల్లో బలమైన చేతితో ఊరుకుని పోగొట్టుకునేది, ఊరుకుని సంపాదించేదానికంటే చాలా ఎక్కువ.

ఎదుటివాడి స్వభావాన్ని బట్టి కూడా లెక్క అటూ ఇటూ అవుతుంది. ఏ చిన్న జత ఉన్నా పడేయడానికి మనసొప్పనివాడి ముందు దాక్కోవడం అనవసరం, అతను ఎలాగూ కడతాడు. చేతిలో ఏమీ లేకపోయినా పందెం కాయకుండా ఉండలేని దూకుడుగాడి ముందు మాత్రం చెక్ అని తలుపు తెరిచి ఉంచితే పని జరుగుతుంది. అతను కాశాక పెంచవచ్చు.

రివర్ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు తీరిపోతుంది. ఇక ముక్కలు రావు, ఎవరి చెయ్యీ మారదు. మిగిలేది ఒకే ప్రశ్న, దాన్నే చాలామంది తప్పుగా వేసుకుంటారు. చెయ్యి గెలిచే అవకాశం ఎక్కువేనా అని అడుగుతారు. అడగాల్సింది, పెంచాక కట్టేవాళ్లలో సగానికి మించి ఓడేవాళ్లేనా అని. బల్ల మీద ఒకే గుర్తు ముక్కలు మూడున్నాయి, చేతిలో స్ట్రెయిట్ ఉంది, ఎదుటివాడు కాశాడు. అతని దగ్గర ఉండగల జట్లు 60 అనుకుంటే, వాటిలో 45 స్ట్రెయిట్‌కు ఓడేవే కావచ్చు. కానీ పెంచగానే వాటిలో 35 పడిపోయి, కట్టేవాటిలో ఓడేవి 10, గెలిచే ఫ్లష్‌లు 15 మిగిలితే, నాలుగింట మూడుసార్లు ముందున్న చెయ్యి కూడా పెంచడం వల్ల నష్టపోతుంది. అక్కడ కాల్ చేసి ముక్కలు చూపించమనడమే లాభం. అవతలివాడు మళ్లీ పెంచే ప్రమాదం కూడా ఉంది కాబట్టి సగం అన్న గీతను కాస్త పైకి జరపాలి.

ఇంతవరకూ లెక్క ఒక చెయ్యి గురించి. గణితజ్ఞులు ఈ ఆటను పట్టించుకున్నది మరో వైపు నుంచి. జాన్ వాన్ న్యూమన్ 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసం రాశాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆయన పోకర్‌నూ బొంకు పందేలనూ విడిగా విశ్లేషించాడు. ఆ సరళమైన నమూనాలో తేలింది ఇది: గట్టిగా కాయాల్సింది అన్నిటికంటే బలమైన చేతులతో, అన్నిటికంటే నాసిరకం చేతులతో. మధ్యరకం చేతులతో నిదానంగా ఆడాలి. నాసి చేతులతో బొంకడం బలమైన చేతులకు ఊపిరి. బొంకు లేకపోతే ఎవడు పెంచినా బలముందని అందరికీ తెలిసిపోతుంది, ఒక్కరూ కట్టరు.

దీన్ని వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత చిన్నది చేసినవాడు హెరాల్డ్ కూన్. ఆయన 1950లో చెప్పిన ఆటలో ముక్కలు మూడే: రాజు, రాణి, జాకీ. ఇద్దరు ఆటగాళ్లు తలా ఒక చిప్ పెట్టి తలా ఒక ముక్క తీసుకుంటారు. ఒక్క చిప్ పందెం కాయవచ్చు, పెంచడానికి వీల్లేదు. రాజు పడ్డ మొదటి ఆటగాడు ముందే కాయాలా, చెక్ అని ఎదుటివాడు కాయడం కోసం ఆగాలా? సమాధానం విచిత్రం. రెండూ సరే. జాకీతో ఎన్నిసార్లు బొంకు పందెం కాస్తాడో, రాజుతో సరిగ్గా దానికి మూడు రెట్లు కాయాలన్నదే నియమం. జాకీతో ఎప్పుడూ బొంకనివాడు రాజుతోనూ ఎప్పుడూ ముందు కాయకూడదు. ఆరింట ఒకసారి బొంకేవాడు రాజు వచ్చినప్పుడు సగం సార్లు కాయాలి. మూడింట ఒకసారి బొంకేవాడు రాజుతో ప్రతిసారీ కాయాలి. ఏ పద్ధతి పట్టినా ఫలితం ఒక్కటే, మొదటి ఆటగాడు సగటున పంపకానికి చిప్‌లో 18వ వంతు నష్టపోతాడు. మూడు రెట్లు ఎందుకంటే, రాణి పట్టినవాడు పందేనికి బదులుగా 3 గెలవడానికి 1 కట్టాలి. నాలుగు పందేల్లో ఒకటి బొంకైతే అతనికి కట్టినా పడేసినా ఒకటే అవుతుంది. రాజుతో కాయాలా అన్న ప్రశ్నకు రాజును ఒక్కదాన్నే చూస్తే జవాబు లేదు. అదే ఆటగాడు జాకీతో ఏం చేస్తాడన్నదాంట్లో జవాబు ఉంది.

అసలు హోల్డెమ్‌కు ఈ లెక్క చేతితో సాధ్యం కాదు. నోమ్ బ్రౌన్, టువోమాస్ శాండ్‌హోమ్ తయారుచేసిన, 2019లో ఆరుగురి బల్ల మీద నిపుణులను ఓడించిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ తనతో తాను ఆడుకుంటూ నేర్చుకుంది. మొదటి దశలో పెంచకుండా కనీస పందెం కట్టి ఆటలో చేరడం దండగని అది తేల్చింది. ఒక్క స్మాల్ బ్లైండ్ స్థానానికే మినహాయింపు, ఎందుకంటే ఆ స్థానంవాడు నియమం ప్రకారం పంపకానికి ముందే కనీస పందెంలో సగం కట్టి ఉంటాడు. మంచి ఆటగాళ్లు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే.

దానికి నాలుగేళ్ల ముందు, 2015లో, కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ల సెఫియస్ అనే ప్రోగ్రామ్ ఇద్దరి మధ్య నడిచే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా పరిష్కరించింది. లిమిట్ ఆటలో పందెం ఎంతన్నది ముందే నిర్ణయమై ఉంటుంది, దశకు ఇన్నిసార్లే పెంచవచ్చన్న హద్దు కూడా ఉంటుంది. మొదటి దశలో డీలర్ స్థానం నుంచి ఆ చివరి పెంపు చేయడం బలమైన మనుషులు కొందరికి అలవాటు. సెఫియస్ దాదాపు ఎప్పుడూ చేయదు. ఆసుల జత పడ్డా అలా పెంచేది 0.01 శాతం కంటే తక్కువ. ఆ పెంపుతో అదనంగా వచ్చేది ఒక చిన్న పందెం. ఊరికే కాల్ చేస్తే, తర్వాత మూడు దశల్లో ఎదుటివాడు ప్రతి పందెం ముందూ అవతల ఆసులున్నాయేమోనని జంకాల్సి వస్తుంది, ఆ జంకు వల్ల డీలర్ దగ్గర కాల్ చేసిన మిగతా నాసి చేతులకూ లాభమే. ఇంతకీ ఆ చివరి పెంపుకు సెఫియస్ అన్నిటికంటే ఎక్కువగా వాడేది రెండ్ల జతను, అది కూడా 0.06 శాతం సార్లు.